నలభై ఏడేళ్లు, రెజ్యూమె చదవకుండానే రిజెక్ట్ చేస్తున్నారా?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 47, ఇరవై మూడేళ్ల అనుభవం, ఎక్కడ అప్లై చేసినా ఒకటి రెండు రోజుల్లో రిజెక్ట్ మెయిల్ వచ్చేస్తోంది, ఇది వయసు వల్లేనని ఎలా తెలుస్తుంది, డిగ్రీ పాసైన సంవత్సరం రెజ్యూమెలోంచి తీసేస్తే మోసం చేసినట్టా అని.

మీ అనుమానం చాలావరకు నిజమేనండి. నేను చాలా ఏళ్లు రిక్రూటర్‌గా చేశా, తర్వాత నలభై అయిదు దాటాక మా టీమ్ మొత్తాన్నీ ఎత్తేస్తే నేనే రెజ్యూమె పట్టుకుని తిరిగా, కాబట్టి రెండు వైపులా చూసిన మనిషిగా చెప్తున్నా.

ముందు తెలుసుకోవాల్సింది, వయసు ఎక్కువ అని ఎవరూ నోటితో అనరు, మెయిల్లో అసలే రాయరు. దానికి బదులు వేరే మాటలుంటాయి. ఓవర్‌క్వాలిఫైడ్ (ఈ పనికి అనుభవం మరీ ఎక్కువ), కల్చర్ ఫిట్ కాదు (మన ఆఫీసు వాతావరణంలో ఇమడడు), మన బడ్జెట్‌కి రాడు, ఎక్కువ రోజులు ఉండడు, ఇలాగ. ఒక మేనేజర్ ఐతే నాకు ఫోన్ చేసి కొంచెం ఎనర్జీ ఉన్న ప్రొఫైల్స్ పంపండి మేడమ్ అనేవాడు, పీడీఎఫ్‌లో ఎనర్జీ ఎక్కడుంటుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆయన ఉద్దేశం మాత్రం బాగానే అర్థమయ్యేది.

ఇక షార్ట్‌లిస్ట్ ఎలా జరుగుతుందంటే, పొజిషన్ ఓపెన్ అవ్వగానే అనుభవం 5 నుంచి 8 ఏళ్లు అని ఒక రేంజ్ పెడతారు. ఆ పై అంకె ఎందుకు 8 అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు, పోయినసారి పోస్టింగ్‌లో ఉంది కాబట్టి ఉంటుంది అంతే. వందల్లో అప్లికేషన్లు వచ్చిపడతాయి, రిక్రూటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రేంజ్ ఫిల్టర్ కొడుతుంది, ఇరవై మూడేళ్లవాళ్లు స్క్రీన్ మీదకే రారు. ఫారంలో పుట్టినతేదీ తప్పనిసరి చేసిన కంపెనీలైతే ఇంకా సులువు. మీకు అంత తొందరగా రిజెక్ట్ మెయిల్ రావడానికి ఎక్కువ అవకాశం ఇదే, మీ రెజ్యూమె ఎవరూ తెరిచి ఉండరు.

ఆ పై అంకె సంగతి కోర్టుదాకా కూడా వెళ్లింది. అమెరికాలో 58 ఏళ్ల లాయర్ ఒకాయన ఒక ఉద్యోగానికి అప్లై చేశాడు, ప్రకటనలో 3 నుంచి 7 ఏళ్ల అనుభవం, 7 దాటకూడదు అని ఉంది. ఇది పెద్ద వయసువాళ్లని బయటికి నెట్టే షరతే కదా అని ఆయన కేసు వేస్తే, 2019లో అక్కడి ఏడో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, పైకి అందరికీ ఒకేలా కనిపించే షరతు వల్ల నష్టపోయామని వాదించే హక్కు లోపల పనిచేస్తున్న ఉద్యోగులకి ఉంది గానీ బయటినుంచి అప్లై చేసేవాళ్లకి లేదని తేల్చేసింది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, ఎందుకంటే వివక్ష ఎక్కువ జరిగేదే గుమ్మం దగ్గర.

వయసు వల్లేనని ఎలా తెలుస్తుంది అన్నారు కదా, మామూలుగా తెలీదు, కానీ ఒక్క కేసులో భలే తెలిసిపోయింది. ఐట్యూటర్‌గ్రూప్ అని ఆన్‌లైన్ ట్యూషన్ల కంపెనీ, దాని సాఫ్ట్‌వేర్‌లో 55, ఆపైన ఉన్న ఆడవాళ్లనీ 60, ఆపైన ఉన్న మగవాళ్లనీ ఆటోమేటిగ్గా తిరస్కరించేలా పెట్టారని, ఉద్యోగాల్లో వివక్ష సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ కేసు వేసింది. బయటపడింది ఎలాగంటే, రిజెక్ట్ అయిన ఒకావిడ అదే అప్లికేషన్ పుట్టినతేదీ మాత్రం మార్చి మళ్లీ పంపింది, ఈసారి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. 2023లో 365,000 డాలర్లకి రాజీ కుదిరింది, అలా తిరస్కరించినవాళ్లు 200 మందికి పైనే అని ఈఈఓసీ చెప్పింది. మీరు ఆ పని చేయమని నేను చెప్పట్లేదు లెండి, తప్పు పుట్టినతేదీతో ఆఫర్ వస్తే వెరిఫికేషన్‌లో మీరే దొరికిపోతారు.

పరిశోధకులు ఇదే పని పద్ధతిగా చేశారు. న్యూమార్క్, బర్న్, బటన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కల్పిత అభ్యర్థుల పేర్లతో 40,000కి పైగా అప్లికేషన్లు పంపి ఏ వయసువాళ్లకి ఎంతమంది ఫోన్ చేస్తారో చూశారు. ఆడవాళ్ల విషయంలో, ముఖ్యంగా రిటైర్‌మెంట్ దగ్గర పడ్డవాళ్లకి, తేడా స్పష్టంగా కనిపించింది, మగవాళ్లకి అంత గట్టిగా తేలలేదు. నేను వెతుక్కున్నప్పుడు నాతోపాటే ఉద్యోగం పోయిన మగ కొలీగ్స్‌కి నాకంటే ముందు కాల్స్ వచ్చాయి, అప్పుడు నా దురదృష్టం అనుకున్నా.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తా. అమెరికాలో ఉద్యోగాల్లో వయసు వివక్షని నిషేధించే 1967 చట్టం 40, ఆపైన ఉన్నవాళ్లకి వర్తిస్తుంది, అదీ కనీసం 20 మంది ఉద్యోగులున్న చోట. యూరోపియన్ యూనియన్‌కి 2000 నుంచి ఇలాంటిదే ఒక డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు పాటించాల్సిన ఆదేశం, ఉంది, బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ యాక్ట్ ఉంది, అది కుర్రవాళ్లని కూడా కాపాడుతుంది. భారతదేశంలో ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్షని ప్రత్యేకంగా నిషేధించే చట్టం లేదు. చట్టం ఉన్నచోట కూడా రుజువు చేయడం నరకం, 2009లో అమెరికా సుప్రీంకోర్టు, వయసు లేకపోతే ఈ నిర్ణయం జరిగేదే కాదని బాధితుడే నిరూపించాలంది. కాబట్టి మీ చేతిలో రాతపూర్వకంగా ఏదైనా ఉంటే తప్ప ఆ శక్తి ఉద్యోగం వెతుక్కోవడం మీద పెట్టుకోండి అంటా నేను, ఉంటే మాత్రం వదలొద్దు.

డిగ్రీ సంవత్సరం తీసేయడం మోసం కాదు. రెజ్యూమె అంటే మీ జాతకం కాదు కదా, ఆ ఉద్యోగానికి పనికొచ్చేదే పెడతారు. మొదటి లైన్లో ఇరవై మూడేళ్ల అపార అనుభవం అని ఉంటే ముందు అది తీసేయండి, గత పది పదిహేనేళ్లది వివరంగా రాసి, అంతకు ముందుది తేదీలు లేకుండా రెండు లైన్లలో ముగించండి, ఎవరూ వాడని పాత సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా తీసేయండి. ఫారంలో గానీ ఫోన్లో గానీ సూటిగా అడిగితే మాత్రం నిజమే చెప్పండి. ఇది తలుపు దాకా తీసుకెళ్తుంది అంతే, లోపలికెళ్లాక మొహం కనిపిస్తుంది కదా.

లోపల వాళ్ల మనసులో ఉండేవి మూడు భయాలు, జీతం ఎక్కువ అడుగుతారు, తనకంటే చిన్నవాడి మాట వినరు, కొత్తది నేర్చుకోరు. అడగరు, అడక్కుండానే సమాధానం ఊహించేసుకుంటారు, అందుకే ఆ మాట మీరే ముందు తీయాలి. జీతం రేంజ్ నేను మొదటి కాల్లోనే చెప్పేసేదాన్ని, అక్కడ తెగకపోతే ఇద్దరికీ టైమ్ మిగులుతుంది. నాకంటే బాగా చిన్నవాడైన మేనేజర్ ఒకాయన ఇంటర్వ్యూలో మొహమాటపడుతూ, నాకు రిపోర్ట్ చేయడం మీకు ఇబ్బందా అని అడిగేశాడు, అడిగినందుకు సంతోషించా నిజానికి. పాత ఉద్యోగంలో ఒక చిన్నమ్మాయి పెట్టిన కొత్త పద్ధతి నాకు మొదట నచ్చలేదని, ఎందుకు నచ్చలేదో తనకే చెప్పానని, తను వినీ ఒప్పుకోలేదని, ఐనా ఆ పద్ధతిలోనే పని పూర్తి చేశానని చెప్పా. ఆ ఉద్యోగం వచ్చింది. నాకేం ఇబ్బంది లేదు సార్ అని ఊరుకుని ఉంటే వచ్చేది కాదనుకుంటా, ఆ మాట అందరూ అంటారు.

అన్నిటికంటే పనిచేసేది రిఫరల్. మేనేజర్‌కి తెలిసినవాళ్లు మీ రెజ్యూమె నేరుగా ఇస్తే ఆ 5 నుంచి 8 ఫిల్టర్ మీకు అడ్డే రాదు, నేను రిక్రూటర్‌గా ఉన్నప్పుడు రేంజ్ దాటినా ఇంటర్వ్యూదాకా వెళ్లినవాళ్లు దాదాపు అందరూ అలా వచ్చినవాళ్లే. పాత టీమ్‌లో మీ కింద పనిచేసినవాళ్లు ఈపాటికి ఎక్కడో మేనేజర్లై ఉంటారు, వాళ్లని అడగడానికి సిగ్గుపడకండి. చిన్న కంపెనీలు కూడా చూడండి, అక్కడ ఓనరే కూర్చుని చదువుతాడు, ఆయనకి ఈ ఫిల్టర్లు పెట్టుకునే ఓపిక ఉండదు.

ఇది చదివేవాళ్లలో హైరింగ్ చేసేవాళ్లుంటే ఒక మాట. మేం ఒకసారి ప్రొఫైల్స్‌లో డిగ్రీ సంవత్సరం, మొత్తం అనుభవం రెండూ కొట్టేసి, చేసిన పని మాత్రం ఉంచి పంపాం, పైన చెప్పానే ఎనర్జీ మేనేజర్, ఆయనకే. ఆయన ఎంచుకున్నవాళ్లలో యాభై దాటినాయన ఒకరున్నారు. ఇంటర్వ్యూ అయ్యాక నా దగ్గరికొచ్చి ముందే చెప్పొచ్చు కదా మేడమ్ అన్నాడు, చెప్తే పిలిచేవారా అన్నా, ఏమీ మాట్లాడలేదు గానీ ఆఫర్ మాత్రం ఆయనకే ఇచ్చాడు. జేడీలో, అంటే ఉద్యోగ వివరాల్లో, అనుభవం పై అంకె తీసేయడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కనీసం ఇన్నేళ్లు అని రాస్తే చాలు.