డ్రాగ్ రేసులో గెలిచేది నడిపేవాడా, ట్యూనరా, టీమా? ఉప్పల్ నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మా బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. డ్రాగ్ రేసింగ్ అంటే పిచ్చి. ఇంజినీరింగ్ వద్దు, పెద్ద బైక్ కొనిస్తే రేసర్ అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారు లోన్‌కి కూడా రెడీ. బండి కొంటే గెలిచేస్తాడా, లేక అదంతా మెకానిక్‌లది, డబ్బున్న టీములది ఆటా? నాకైతే చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ లోన్ ఆపించండి. బాబు ఇష్టాన్ని కాదనమని చెప్పడం లేదు, ఆ డబ్బు దేనికి పెట్టాలో ఇంకా తేలలేదు కాబట్టి చెబుతున్నాను. మీరు అడిగింది మాత్రం అసలైన ప్రశ్న. గెలుపు ఎవరి చేతిలో ఉందో తెలిస్తే బాబు ఏ పని నేర్చుకోవాలో దాదాపు తేలిపోతుంది.

డ్రాగ్ రేస్ అంటే ఇద్దరు పక్కపక్కన నిలబడి తిన్నగా దూసుకుపోవడం. మలుపులుండవు, సాధారణంగా పావు మైలు, అంటే 402 మీటర్లు, మంచి బండైతే పది సెకన్లు అటూ ఇటూ. ఇందులో నడిపేవాడి గొప్పేముంది, యాక్సిలరేటర్ తిప్పడమేగా అనిపిస్తుంది చూసేవాళ్లకి. బాబుకి ఈ ఆట ఎంతవరకు తెలుసో చూడాలంటే టైమ్ స్లిప్ గురించి చెప్పమనండి. పరుగు అయ్యాక ఇచ్చే చిన్న కాగితం అది. మొదట రియాక్షన్ టైమ్ ఉంటుంది, అంటే పచ్చ లైటు వెలిగాక బండి కదలడానికి పట్టిన సమయం. తర్వాత 60 అడుగులకు ఎంత, సగం దూరానికి ఎంత, మొత్తం ఎంత, గీత దాటేటప్పుడు వేగం ఎంత, ఇలా వరసగా వస్తాయి. పరుగు సమయాన్ని పచ్చ లైటు నుంచి లెక్కపెట్టరు, బండి స్టార్టింగ్ గీత వదిలినప్పటి నుంచి లెక్కపెడతారు. అందుకే ఒకడు 0.05 సెకన్లకు కదిలి 11.20లో పూర్తిచేసి, రెండోవాడు 0.20కి కదిలి 11.10లో పూర్తిచేశాడనుకోండి, రెండోవాడి బండే ఫాస్ట్, గెలిచేది మాత్రం మొదటివాడు. కలిపి చూడండి, 11.25, 11.30. ఆ 0.05ని ఏ ట్యూనరూ, అంటే బండిని రేసుకి సెట్ చేసే మెకానిక్కూ, బండిలో పెట్టి ఇవ్వలేడు, అది పూర్తిగా నడిపేవాడిదే. తొందరపడి లైటు కంటే ముందే కదిలాడా, అక్కడికక్కడే అవుట్.

ఇక 60 అడుగుల అంకె దగ్గర ఇద్దరికీ వాటా ఉంటుంది. క్లచ్ ఎంత మెల్లగా, ఎంత త్వరగా వదలాలి, ముందు చక్రం లేవకుండా ట్యాంక్ మీదకి ఎంత వంగాలి అన్నది నడిపేవాడి పని. వెనక టైర్లో గాలి ఎంత ఉండాలి, వెనక స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్లు ఉండాలి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ ఎంత పొడుగు ఉండాలి అన్నది ట్యూనర్ పని. ఇక్కడ కాస్త పోగొట్టుకుంటే చివరికి అంతకంటే ఎక్కువే పోతుంది.

పెద్ద క్లాసులకి వెళ్లేకొద్దీ లెక్క మారిపోతుంది. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీల్లో టాప్ ఫ్యూయల్ అని పైక్లాసు ఉంది, నైట్రోమీథేన్ అనే ఇంధనం పోసి నడిపే కార్లు, 1000 అడుగులు నాలుగు సెకన్లలోపే అయిపోతుంది. అందులో క్లచ్ ఏ క్షణంలో ఎంత పట్టాలో క్రూ చీఫ్, అంటే టీములో పెద్ద ట్యూనర్, ముందే టైమర్లలో పెట్టేస్తాడు. రౌండుకీ రౌండుకీ మధ్య ఇంజిన్ మొత్తం విప్పి గంట అటూ ఇటూలో మళ్లీ బిగించేస్తారు టీమువాళ్లు. ఒక్క నట్టు మర్చిపోయినా అంతే.

అక్కడి ఒక ముచ్చట చెబుతాను, మీ ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. టోనీ షూమాకర్ అనే డ్రైవర్ 2004 నుంచి 2008 దాకా వరసగా ఐదు టైటిళ్లు గెలిచాడు, బండి ట్యూన్ చేసింది అలన్ జాన్సన్. 2008 అయ్యాక జాన్సన్ వేరే టీముకి వెళ్లిపోయాడు. 2009లో షూమాకర్ కొత్త క్రూ చీఫ్ మైక్ గ్రీన్‌తో దిగి మళ్లీ తనే గెలిచాడు, అదీ జాన్సన్ ట్యూన్ చేసిన బండి మీదే, వెంట్రుకవాసి తేడాతో. సరే, అయితే డ్రైవరే గొప్పన్నమాట అనుకునేలోపు, 2010లో అదే జాన్సన్ బండితో లారీ డిక్సన్ టైటిల్ కొట్టాడు. అంతకు ముందెప్పుడో గ్యారీ స్కెల్జీని కూడా ఛాంపియన్ చేసింది జాన్సనే. దీంట్లో నేను చూసేది ఇది: డ్రైవర్ నిలబడాలంటే వెనక బలమైన టీము ఉండాలి, మంచి ట్యూనర్ మాత్రం ఎక్కడికెళ్తే అక్కడ తన చేతిలోని విద్యతోనే వెళ్తాడు. బతుకుతెరువు గురించి ఆలోచించే తల్లికి ఈ తేడా చాలా ముఖ్యం.

మన దగ్గర సంగతి చూద్దాం. బెంగళూరు అబ్బాయి హేమంత్ ముద్దప్ప మోటార్‌సైకిల్ డ్రాగ్ రేసింగ్‌లో ఎన్నోసార్లు జాతీయ ఛాంపియన్, నిజంగా గొప్ప రైడర్, ఆయన వెనక కూడా మంత్ర రేసింగ్ అనే టీము ఉంది. జాతీయ పోటీలు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద దేశంలో మోటార్ రేసుల్ని చూసే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతితో జరుగుతాయి. 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది గానీ అది తాత్కాలికంగా వేసిన ట్రాక్, హైదరాబాద్‌లో మనకంటూ శాశ్వతమైన డ్రాగ్ స్ట్రిప్ లేదు. ట్రాక్ కోసం చెన్నై వెళ్లడంలో కూడా ట్యూనర్‌కి పనుంది చూడండి. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి పీడనం చెన్నై కంటే కొంచెం తక్కువ. ఇక్కడ కార్బురేటర్ సెట్ చేసిన బండిని అలాగే చెన్నై తీసుకెళ్తే గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది, కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ మార్చాలి. స్పార్క్ ప్లగ్ విప్పి దాని రంగు చూసి ఈ సంగతి చెప్పగలిగేవాడికి ఏ పిట్‌లోనైనా, అంటే ట్రాక్ పక్కన బళ్లు సిద్ధం చేసే చోట, కుర్చీ వేస్తారు.

అందుకే నా సలహా, బాబు ముందు ట్యూనింగ్ వైపు నుంచి లోపలికి వెళ్లాలి, రైడింగ్ దాంతోపాటే చిన్న సీసీ క్లాసులో మొదలుపెట్టాలి. హయబుసా లాంటి పెద్ద బైక్ కొంటే 15 లక్షలు దాటుతుంది, అయినా దాంతో బాబు నేర్చుకునేది తక్కువ, ఎందుకంటే బండి శక్తి తప్పుల్ని కప్పేస్తుంది. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ రేసులో జరిగిన నష్టానికి వర్తించదు, ఈ మాట వాళ్ల నాన్నగారికి తప్పకుండా చెప్పండి.

చదువు మానక్కర్లేదు. మెకానికల్ లేదా ఆటోమొబైల్‌లో చేరి, బాహా, ఫార్ములా భారత్ లాంటి పోటీలకి బండి కట్టే స్టూడెంట్ టీము ఉన్న కాలేజీని ఎంచుకోవాలి. కాలేజీ పేరు కంటే ఆ వర్క్‌షాప్ రాత్రి పదింటికి తెరిచి ఉంటుందా లేదా అన్నది కనుక్కోండి. పుస్తకాలు అసలు పడకపోతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు, అందులో చిన్నతనమేమీ లేదు. సెలవుల్లో పుత్లీబౌలి వైపు ఒక మంచి షెడ్డులో కూర్చుని క్లచ్ ప్లేట్లు మార్చడం నేర్చుకుంటే కాలేజీలో చెప్పేది బుర్రకెక్కుతుంది. రేపు రేసింగ్ కుదరకపోయినా ఇంజిన్ కంట్రోల్ యూనిట్ కాలిబ్రేషన్, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని సెట్ చేయడం, తెలిసినవాడికి హోసూరులో టీవీఎస్, మన దగ్గర హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, జెడ్‌ఎఫ్ లాంటి చోట్ల ప్రయత్నించడానికి దారి ఉంటుంది. నడపడం ఒక్కటే వచ్చినవాడికి ఆ దారి లేదు.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడకండి. రాత్రిళ్లు గండిపేట రోడ్డు మీదకో, ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీదకో ఫ్రెండ్స్‌తో "జస్ట్ చూడటానికి" వెళ్తున్నాడేమో కనుక్కోండి. ట్రాక్ మీద అంబులెన్స్ ఉంటుంది, గోడ ఉంటుంది, ఎదురుగా లారీ రాదు. రోడ్డు మీద ఇవేవీ ఉండవు. పైగా 18 నిండని పిల్లాడు నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. లైసెన్సు లేకపోతే బాబు ఆశపడే కెరీరే ఉండదు కదా, ఈ ముక్క బాబుకి అర్థమయ్యేలా మీరే చెప్పాలి.

ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ లోపు చెన్నైలో ఏదైనా రౌండ్ ఉంటే ముగ్గురూ కలిసి వెళ్లి చూసి రండి, వీలైతే అనుమతి అడిగి పిట్ దగ్గరకి కూడా వెళ్లండి. బాబు ఎక్కువసేపు ఎక్కడ నిలబడ్డాడో గమనించండి, స్టార్టింగ్ గీత దగ్గరా, టూల్‌బాక్స్ దగ్గరా. వచ్చాక నాకు రాయండి, ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో అప్పుడు కూర్చుని చూద్దాం.