సిగరెట్ మానేశాక మొదటి వారాలు: మనోబలం సంగతి పక్కన పెట్టండి

"సిగరెట్ మానేసి వారం కూడా కాలేదు. గంటగంటకీ ప్రాణం లాగేస్తోంది. నాకు మనోబలం తక్కువనుకుంటా, దాన్ని పెంచుకోవడం ఎలా?" అని అడిగారు. మనోబలం ఎలా పెంచుకోవాలో నాకు తెలియదు. నాకు దాంతో పని కూడా పడలేదు. ఏళ్ళ తరబడి పెట్టెలకి పెట్టెలు తగలేసి మానేసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. తాగడానికి వీలున్న చోటే కోరిక చెలరేగుతుంది. వీలు లేని చోట దానికి అంత నోరు లేవదు. మీరు సర్దుకోవాల్సింది ఆ వీలుని.

నమ్మకం కుదరకపోతే విమానం ఎక్కినవాళ్ళని చూడండి. నేల మీద గంట ఆగలేనివాడు పది గంటల ప్రయాణంలో బుద్ధిగా బెల్టు పెట్టుకుని కూర్చుంటాడు. కిందికి దిగుతున్నాం అని మైకులో చెప్పగానే జేబులు తడుముకోవడం మొదలుపెడతాడు. 2010లో ఇజ్రాయెల్ పరిశోధకులు పొగతాగే విమాన సిబ్బందినే తీసుకుని ఈ సంగతి కొలిచి చూశారు. అవే మనుషులు, ఒకసారి చిన్న ప్రయాణం, ఇంకోసారి పెద్ద ప్రయాణం. చిన్న ప్రయాణం ముగిసే వేళకి కోరిక బాగా పెరిగింది. పెద్ద ప్రయాణంలో అన్నే గంటలు గడిచినా అంత లేదు, అక్కడా దిగే ముందే పెరిగింది. ఒంట్లో నికోటిన్ అడుగంటడం అబద్ధమని కాదు. చివరి సిగరెట్ తాగి ఎంతసేపయిందన్న లెక్క కంటే, తర్వాతది ఎంత దూరంలో ఉందన్న లెక్కే మనసుకి బాగా ఎక్కుతుంది.

ఇది నాకు ఆ పరిశోధన చదివి తెలియలేదు. చక్రం మారుస్తూ తెలిసింది.

మానేసిన మూడో రోజో నాలుగో రోజో మా బావతో కలిసి కారులో దూర ప్రయాణం చేయాల్సి వచ్చింది. బావంటే మా అక్క మొగుడు. మనిషి బంగారం, కానీ నోట్లో సిగరెట్ లేకుండా స్టీరింగ్ పట్టుకోడు. నేను మానేశానని తెలుసు కాబట్టి ఆ రోజు నా మీద దయతలచి తన వైపు అద్దం దించి తాగాడు. అర్ధరాత్రి దాటాక, ముందూ వెనకా ఒక్క దీపం కూడా లేని చోట, వెనక చక్రం పంక్చరైంది. బావ దిగి టైరు చూశాడు. తర్వాత చేసిన మొదటి పని సిగరెట్ ముట్టించడం, రెండో పని పెట్టె నా ముందుకి చాపడం.

"ఇలాంటప్పుడు కూడా తాగకపోతే ఇంకెప్పుడు తాగుతావురా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే అనిపించింది. చలిగాలిలో ఆ మొదటి పొగ వాసన వచ్చి తగలగానే నోట్లో నీళ్ళూరాయి, దవడలు బిగుసుకున్నాయి. కుడిచేతి రెండు వేళ్ళు వాటంతటవే దగ్గరకొచ్చాయి. నేనేమీ గట్టిగా వద్దనలేదు. "ముందు ఇది చూద్దాం" అన్నాను, అంతే. బావకి నడుం నొప్పి, వంగలేడు. స్టెప్నీ దింపడం, జాకీ పెట్టడం అన్నీ నా మీదే పడ్డాయి. కారు పైకి లేపకముందే నట్లు వదులు చేయాలి కదా, మూడు మాట విన్నాయి, ఒకటి వినలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. స్పానర్ తగిలించి దాని మీద ఎక్కి నిలబడ్డాను. జారి పడ్డాను. మళ్ళీ ఎక్కాను. బావ టార్చి పట్టుకున్నాడు గానీ వెలుగు నట్టు మీద తప్ప అన్నిచోట్లా పడుతోంది. మధ్యలో మళ్ళీ పెట్టె చాపాడు.

చేతులు చూపించాను. మణికట్ల దాకా నల్లటి మసి, జాకీకున్న గ్రీజు, వేలి కణుపు దగ్గర చెక్కుకుపోయి రక్తం.

"నోట్లో నేను పెడతాలే" అన్నాడు బావ. అంత ప్రేమ.

"టార్చి సరిగ్గా పట్టుకో బావా" అన్నాను. సరిగ్గా అప్పుడే నట్టు కిర్రుమని కదిలింది. ఆ సంతోషంలో ఇద్దరం సిగరెట్ మాట మర్చిపోయాం. స్టెప్నీ ఎక్కించి, నట్లు ఒకదానికెదురు ఒకటి బిగించి, కారు కిందికి దింపి మళ్ళీ బిగించి లేచాక గానీ నాకు తట్టలేదు, ఇంతసేపూ నేను దాని గురించి ఆలోచించనే లేదని. ఇది నా గొప్పతనమంటే పక్కనే ఉన్న బావే నవ్వుతాడు. నాకు తాగడానికి చేతులు ఖాళీ లేవు, అంతే జరిగింది. కారెక్కి కూర్చున్న పది నిమిషాలకి కోరిక మళ్ళీ వచ్చిందనుకోండి. దాన్ని ఇంకో రకంగా దాటించాను, అద్దం దించి మొహానికి గాలి కొట్టించుకుంటూ, బావ చెప్పే ఆఫీసు రాజకీయాలు వింటూ.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. కోరిక ఎంత పెద్దగా లేచినా సాధారణంగా కొన్ని నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది, మీరు తాగినా తాగకపోయినా. మనం దాన్ని దిగనివ్వం. లేవగానే ముట్టిస్తాం, దిగింది సిగరెట్ వల్లే అనుకుంటాం. పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో సగానికి తగ్గుతుంది. మళ్ళీ వెలితి, మళ్ళీ చిరాకు, మళ్ళీ సిగరెట్. "టెన్షన్ తగ్గడానికి తాగుతున్నా" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ టెన్షన్‌లో పెద్ద వాటా ముందు తాగిన సిగరెట్‌దే. మానేసినవాళ్ళలో కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు తగ్గుతాయని, తాగుతూనే ఉన్నవాళ్ళ కంటే మెరుగ్గా ఉంటారని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష కూడా వచ్చింది. మొదటి వారం మాత్రం నరకమే, ముఖ్యంగా రెండో రోజు, మూడో రోజు. మూడు నాలుగు వారాలకి చాలావరకు సర్దుకుంటుంది.

మనోబలం మనోబలం అని ఊదరగొట్టేవాళ్ళ మీద నాకు ఇంకో కోపం ఉంది. "నేను ఒక్కరోజులో పడేశాను, మళ్ళీ ముట్టుకోలేదు" అనే పెద్దమనిషి ఒకడు ప్రతి చుట్టాల ఇంట్లోనూ ఉంటాడు. వాడు రోజుకి రెండు తాగేవాడేమో, ఎవరడిగారు? ఆ మాట విని మనం మనల్నే తిట్టుకుంటాం. తిట్టుకుంటే టెన్షన్, టెన్షన్ వస్తే సిగరెట్. అయితే ఒక్క విషయంలో ఆ పెద్దమనిషి వైపే నిలబడాలి. కొద్దికొద్దిగా తగ్గించడం కంటే ఒక రోజు పెట్టుకుని పూర్తిగా ఆపేయడమే మెరుగు. 2016లో బ్రిటన్‌లో దాదాపు 700 మంది మీద చూస్తే, ఒక్కసారిగా ఆపినవాళ్ళలో 49 శాతం, తగ్గించుకుంటూ వచ్చినవాళ్ళలో 39 శాతం మంది నాలుగు వారాలు నిలబడ్డారు. వాళ్ళందరికీ ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచీలూ, మాట సాయమూ ఇచ్చారు, అది మర్చిపోకండి.

వీలు తీసేయడం ఎలా అంటారా? మీరు రోజులో ఎప్పుడెప్పుడు తాగేవారో మీకే తెలుసు. నాకు అన్నం తిన్న వెంటనే, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, పని మధ్యలో విసుగొచ్చినప్పుడు. అన్నం తిన్నాక గిన్నెలు నేనే కడగడం మొదలుపెట్టాను. సబ్బు చేతులతో ఎవడూ లైటర్ వెలిగించలేడు. గిన్నెలయ్యాక పళ్ళు తోముకునేవాణ్ణి. ఫోన్ వస్తే బాల్కనీలోకి కాకుండా మెట్ల మీదికి వెళ్ళి ఎక్కుతూ దిగుతూ మాట్లాడేవాణ్ణి. ఆయాసం అవతలివాళ్ళకి వినిపించేది, వినిపించనీ. కాసేపు చురుగ్గా నడిచినా కోరిక తగ్గుతుందన్నది పరీక్షించి తేల్చిన మాటే. ఇక ఇంట్లో, బండిలో, పాత కోటు జేబుల్లో ఒక్కటి కూడా మిగలకూడదు. "ఉన్నా ముట్టను, అదే నా పరీక్ష" అని బల్ల మీద పెట్టె పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు. ఆ పరీక్ష పెట్టమని ఎవరూ అడగలేదు.

పనిలో విసుగొచ్చినప్పుడు మాత్రం నాకు చాలా కష్టమైంది. సిగరెట్ అంటే పొగ ఒక్కటే కాదు కదా, కుర్చీలోంచి లేవడానికి దొరికిన అనుమతి కూడా. పొగతాగేవాడు పూటకి నాలుగుసార్లు బయటికెళ్ళి నిలబడితే ఎవరూ ఏమీ అనరు. మానేసినవాడు ఒక్కసారి ఊరికే బయట నిలబడితే "ఏంటి, పనేమీ లేదా?" అంటారు. ఈ అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. మీరు సిగ్గుపడకుండా అదే వేళకి బయటికెళ్ళండి, చేతిలో నీళ్ళ సీసాతో. తాగేవాళ్ళు నిలబడే చోటికి మాత్రం వద్దు, కనీసం ఈ నెల.

కాఫీ గురించి ఎవరూ చెప్పరు గానీ ఇది చాలా ముఖ్యం. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ను ఉసిగొల్పి కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం పడిపోతుంది. మీరు తాగేది ఎప్పటి కాఫీయే అయినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి కళ్ళు తెరుచుకుని పడుకోవడం, ఇవన్నీ సిగరెట్ మానినందుకే అనుకుంటారు. కప్పులు సగానికి తగ్గించి చూడండి. ఇదే కారణంతో కొన్ని మందుల మోతాదు కూడా మారుతుంది. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక జబ్బులకి ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటివి వాడేవాళ్ళు మానేసిన సంగతి డాక్టరుకి వెంటనే చెప్పాలి.

ఇక నికోటిన్ గమ్, ప్యాచీల సంగతి. "అందులోనూ నికోటినే కదా, ఒకటి మాని ఇంకొకటా?" అని నన్ను వెక్కిరించినవాళ్ళున్నారు. అవును, నికోటినే. అలవాటు చేసేది నికోటిన్. ఊపిరితిత్తుల్ని, గుండెని తినేసేది ప్రధానంగా పొగ. అసలు ఆ గమ్ పుట్టుకే నా మాటకి సాక్ష్యం. 1960ల్లో స్వీడన్‌లో, జలాంతర్గామిలో పొగతాగే వీల్లేని నావికులు నమిలే పొగాకుతో సర్దుకుంటున్నారని గమనించారు. ఆ సంగతి ఊవె ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్తకి చేరింది. గమ్ ఆలోచన అక్కడ మొదలైంది.

గమ్ 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. పొద్దున్న లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించేవాళ్ళకి 4 అవసరం. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్ళు, గొంతు మంట. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. అలా అరగంట. కాఫీ, పళ్ళరసం తాగిన పావుగంటదాకా పెట్టుకోవద్దు, సరిగ్గా ఎక్కదు. రోజంతా ప్యాచీ ఉంచుకుని, మధ్యలో కోరిక లేచినప్పుడు గమ్ వాడితే ఏదో ఒక్కటే వాడిన దానికంటే బాగా పనిచేస్తుంది. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలూ ఉన్నాయి, అవి డాక్టరు చూసి రాయాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళకి బుప్రోపియాన్ పనికిరాదు.

దగ్గు పెరిగితే భయపడకండి. ఊపిరి గొట్టాల్లోని సన్నటి కేశాలు మళ్ళీ పనిలో పడి కఫాన్ని పైకి తోస్తుంటాయి, కొన్ని వారాలు అలా ఉండొచ్చు. రక్తం పడితే మాత్రం ఆగకుండా చూపించుకోండి. కలలో సిగరెట్ తాగేసి ఉలిక్కిపడి లేవడం కూడా మామూలే. ఆకలి పెరుగుతుంది, బరువు కూడా, దాని సంగతి తర్వాత చూడొచ్చు. రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకండి.

చిరాకు గురించి అడగలేదు గానీ మీ ఇంట్లోవాళ్ళు అడిగే ఉంటారు. ముందే చెప్పి పెట్టండి. నేనైతే "ఈ నెల నేనేమన్నా పట్టించుకోకండి" అని ఇంట్లో ప్రకటించాను. "ఇంతకుముందు పట్టించుకున్నదెప్పుడు?" అంది మా ఆవిడ. చిరాకు నాలుగైదు వారాలు దాటినా తగ్గకుండా మనసు మరీ దిగులుగా ఉంటే అది వేరే సంగతి కావచ్చు, డాక్టరుతో మాట్లాడండి. అప్పటిదాకా గిన్నెలు మీరే కడగండి.