నాగపట్నం వైపు రెండు రోజుల ట్రిప్: ఊళ్లు సరే, వరస మార్చండి

చెన్నై నుంచి అమ్మానాన్నలతో వెళ్లాలని, పాండిచ్చేరి విసుగెత్తి ఇటు చూస్తున్నామని మీరు రాసిన ప్లాన్‌లో తిరువారూరు గుడి మధ్యాహ్నం ఒంటిగంటకు ఉంది. చిక్కంతా అక్కడే. అటువైపు పెద్ద గుళ్లు మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ సాయంత్రమే తీస్తారు. మన చెన్నై మైలాపూరు గుడిలోనూ ఇదే పద్ధతి, అయినా చెన్నై దాటగానే అందరం మర్చిపోతాం. అమ్మానాన్నలను ఎండలో గోపురం కింద కూర్చోబెట్టాల్సి వస్తుంది.

కాబట్టి ముందు గుడి వేళలు రాసుకోండి. మిగతావన్నీ వాటి చుట్టూ సర్దండి.

1. శుక్రవారం రాత్రి చెన్నై ఎగ్మోర్ స్టేషన్‌లో కారైకాల్ రైలెక్కి నాగపట్నంలో దిగండి. గది అక్కడే.

2. శనివారం పొద్దున్నే తిరువారూరు. త్యాగరాజస్వామి గుడి, కమలాలయం కోనేరు తీరిగ్గా చూడండి. కర్ణాటక సంగీత త్రిమూర్తులు త్యాగయ్య, దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ పుట్టిన ఊరు ఇది, అరగంటలో చుట్టేస్తే అన్యాయం.

3. గుడి మూసే వేళకు బయల్దేరి వేలాంకణ్ణి చర్చికి. నాగూరు దర్గా సాయంత్రానికి ఉంచండి.

4. ఆదివారం కారైకాల్ మీదుగా తరంగంబాడి. డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, 1620లో కట్టిన డాన్స్‌బోర్గ్ కోట సముద్రం ఒడ్డునే ఉంది. 1718 నాటి న్యూ జెరూసలేం చర్చికి అక్కణ్నుంచి నడిచే వెళ్లొచ్చు. 1845లో ఈ ఊరిని ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. పాండిచ్చేరి విసుగెత్తిందన్నారుగా, నన్నడిగితే దీనికే ఎక్కువ టైమివ్వండి.

ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా మాత్రం వద్దు. వేలాంకణ్ణి ఉత్సవం, గది దొరకడం కష్టం.