గర్భసంచి తీయించేస్తే ఈ ఆవిర్లు పోతాయా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి బీపీ, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇద్దరి మందులూ నేనే చూసుకుంటాను. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, మాఘమాసంలో పెళ్లి, ఇంకా మూడు నెలలుంది. అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. నాకు 47 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. దానివల్లే ఇవన్నీ వస్తున్నాయేమో తెలియదు. ఏడాదిగా నెలసరి లెక్క తప్పింది. ఒకసారి రెండు నెలలు రాదు, వస్తే పది పన్నెండు రోజులు ఆగదు. గడ్డలు గడ్డలుగా పడుతోంది. రక్తం (హిమోగ్లోబిన్) 8.6 ఉందన్నారు. స్కానింగ్‌లో గర్భసంచి కొంచెం పెద్దగా ఉందని, 2 సెంటీమీటర్ల గడ్డ ఉందని రాశారు. ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా ఆవిర్లు కొడతాయి, జాకెట్ తడిసిపోతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర ఉండదు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. మా తోడికోడలు 'గర్భసంచి పాడైపోయింది, తీయించేసుకో, పీడా పోతుంది. ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది' అంటోంది. ఆమెకు 36 ఏళ్లకే తీసేశారు. హార్మోన్ బిళ్లలు వాడినా క్యాన్సరేనని ఫోన్‌లో వీడియో చూశాను. పెళ్లికి నెలసరి అడ్డం రాకుండా బిళ్లలు వేసుకోవచ్చా? ఇంకో సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. కలయికలో మంటగా ఉంటోంది, వద్దంటే ఆయన అలుగుతున్నారు. ఇదంతా చదివి నేను రోజంతా ఏడుస్తూ కూర్చుంటాననుకోకండి. పోయినేడే స్కూటీ నేర్చుకున్నాను. డాబా మీద మల్లె, కనకాంబరం కుండీలు పెట్టాను. మొన్న నాకోసం నాకు నచ్చిన చెప్పులు కొనుక్కున్నాను. సంతోషంగానే ఉన్నాను. మరి ఈ ఏడుపేమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ వయసు చెప్పే ముందు ఇంట్లో నలుగురి సంగతీ చెప్పారు. మా ఓపీలోనూ ఇదే తంతు. కోడలికి ఎనిమిదో నెల చూపించడానికి తోడొచ్చిన అత్తగారు, అంతా అయిపోయి లేచి వెళ్తూ, తలుపు దగ్గర ఆగి 'నాక్కూడా కొంచెం బ్లీడింగ్ అవుతోంది మేడమ్' అంటారు. ఆ 'కొంచెం' ఎంతో తెలుసుకునేసరికి ఒక్కోసారి రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

మీరు ఒకే మూట కట్టి పంపినవాటిని ముందు రెండుగా విడదీస్తాను. ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కోపం, ఏడుపు, మంట ఒక వైపు. పన్నెండు రోజుల బ్లీడింగ్, 8.6 రక్తం ఇంకో వైపు. మీ తోడికోడలు రెండింటికీ కలిపి ఒకటే మందు చెబుతోంది. అసలు తేడా అక్కడే వచ్చింది.

ఆవిర్లు గర్భసంచి నుంచి రావు. వాటికి మూలం అండాశయాలు, మెదడు. నలభై అయిదు దాటే వేళకు అండాశయాలు ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా, ఒక నెల అసలు లేకుండా పనిచేస్తాయి. వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఇలా ఎగుడుదిగుడు కావడంతో, ఒంటి వేడిని చూసుకునే మెదడులోని భాగానికి ఓర్పు తగ్గుతుంది. మామూలుగా పట్టించుకోనంత చిన్న వేడికే 'ఒళ్లు కాలిపోతోంది' అనుకుని చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత చలి వేస్తుంది. గర్భసంచి తీసేసినంత మాత్రాన ఇది ఆగదు. పైగా దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, నాలుగైదేళ్లలో నెమ్మదిగా జరగాల్సిన మార్పు ఒక్క రోజులో జరుగుతుంది. అప్పుడు వచ్చే ఆవిర్ల ముందు ఇప్పటివి ఏమీ కావు. వీలైతే మీ తోడికోడలిని ఒక మాట అడగండి: ఆపరేషన్‌లో అండాశయాలు ఉంచారా, తీసేశారా అని. చాలామందికి ఆ సంగతే తెలియదు. డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది. 36కే రెండూ తీసేసి ఉంటే ఆమె ఎముకలు, గుండె గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిన అవసరం మీకంటే ఆమెకే ఎక్కువ.

ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దేశ సగటు కంటే రెట్టింపుకు పైనే ఉంది. మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే అంతగా 'పాడైపోవు' కదా. పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది అనే మాట ఇంట్లోనూ వినిపిస్తుంది, కొన్నిచోట్ల ఆస్పత్రిలోనూ వినిపిస్తుంది. 'క్యాన్సర్ అవుతుంది' అనే ఒక్క మాటతో రాత్రికి రాత్రి చీటీ పాడి ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను చూశాను.

మీ స్కానింగ్ సంగతికి వస్తాను. ఇద్దరు పిల్లల్ని కన్న గర్భసంచి కొంచెం పెద్దగా ఉండటం మామూలే. 2 సెంటీమీటర్ల గడ్డ అంటే ఫైబ్రాయిడ్ అయి ఉంటుంది. మీ వయసు వాళ్లలో చాలామందికి ఉంటుంది. అది క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు, ముట్లుడిగాక చిక్కిపోతుంది కూడా. పిల్లల ఆపరేషన్‌కూ దీనికీ సంబంధం లేదు. అందులో ట్యూబులు మూస్తారంతే, అండాశయాల జోలికి వెళ్లరు.

అయితే బ్లీడింగ్‌ను మాత్రం 'వయసు మహిమ' అని వదిలేయడానికి వీల్లేదు. 45 దాటాక ఇలా లెక్క తప్పి ఎక్కువ అవుతుంటే గర్భసంచి లోపలి పొరను పరీక్షించాలి. సన్నని గొట్టం లాంటి దానితో ఓపీలోనే చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. కాసేపు గట్టిగా నొప్పి వస్తుంది, ఆ సాయంత్రానికి వంట చేసుకోవచ్చు (చేయమని కాదు నా ఉద్దేశం). దాంతోపాటు థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి. థైరాయిడ్ తేడా ఉంటే బ్లీడింగ్, నీరసం, ఏడుపు అన్నీ అచ్చం ఇలాగే ఉంటాయి. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ఛాయలున్నాయేమో చూసే పాప్ స్మియర్ పరీక్ష కూడా ఒకేసారి అయిపోతుంది. రెండు నెలలు నెలసరి రానప్పుడు ఒకసారి ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోండి. నవ్వకండి, పిల్లల ఆపరేషన్ అయినా అరుదుగా నిలుస్తుంది. మెనోపాజ్ వచ్చిందో లేదో చెప్పే హార్మోన్ పరీక్షల ప్యాకేజీ మాత్రం మీ వయసులో అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే అదే మెనోపాజ్. మన దేశంలో చాలామందికి అది 46, 47 ఏళ్ల చుట్టుపక్కల వస్తుంది. అలా ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మళ్లీ వయసు వచ్చిందని మురిసిపోకూడదు.

లోపలి పొర రిపోర్టు బాగుంటే ఆపరేషన్ దాకా వెళ్లకుండానే చాలా చేయొచ్చు. బ్లీడింగ్ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్లలున్నాయి, రక్తనాళాల్లో గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు డాక్టర్ సలహాతో వాడొచ్చు. గర్భసంచిలో హార్మోన్ ఉన్న లూప్ వేస్తే అయిదేళ్లు, ఆ పైన కూడా పనిచేస్తుంది. మొదటి మూడు నాలుగు నెలలు మరకలు మరకలుగా కనబడి విసుగు తెప్పిస్తుంది, తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది. మీలాంటివాళ్లకు నాకు బాగా నచ్చిన దారి ఇది. ఇవేవీ పనిచేయకపోయినా, గడ్డలు బాగా పెద్దవైనా, ముక్క పరీక్షలో తేడా కనిపించినా అప్పుడు గర్భసంచి తీయడం సరైన వైద్యమే. నేనూ చేస్తాను. మరో డాక్టర్‌కు రిపోర్టులు చూపించి, అండాశయాలు ఉంచుతారా అని అడిగి మరీ సంతకం పెట్టండి.

8.6 రక్తంతో మీరు స్కూటీ నడుపుతున్నారు, డాబా ఎక్కి కుండీలకు నీళ్లు పోస్తున్నారు! ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. మీ నీరసంలో, చిరాకులో, మెట్లెక్కితే వచ్చే ఆయాసంలో సగం వాటా దీనిదే అయి ఉంటుంది. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూస్‌తో ఈ లోటు పూడదు. ఐరన్ బిళ్ల కావాలి. పరగడుపున నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. పాలు, టీ, కాల్షియం బిళ్ల దానికి రెండు గంటల దూరంలో ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకున్నా పనిచేస్తుంది. రక్తం 12కి చేరాక కూడా మూడు నెలలు ఆపకండి, నిల్వలు నిండాలి. బిళ్ల పడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది.

ఇక ఆవిర్లు. మిర్చి పండే గుంటూరు జిల్లా ఆడపడుచును కారం మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. రాత్రి భోజనంలో తగ్గించి చూడండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ మానండి. పడుకునేటప్పుడు నూలు బట్టలు, మంచం పక్కన చెంబుడు నీళ్లు. చాలామందికి దీంతో గడిచిపోతుంది. గడవకపోతే హార్మోన్ వైద్యం ఉంది. మీరు చూసిన వీడియో వెనక ఉన్న భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో మొదలైంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందని అందులో తేలింది. ఎంత పెరిగింది? ఏడాదికి పది వేల మందిలో 8 కేసులు ఎక్కువ. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ల సగటు వయసు 63. మీకు 47. అరవై లోపు, ముట్లుడిగిన పదేళ్ల లోపు, ఆవిర్లతో నిజంగా బాధపడుతున్నవాళ్లకు లాభమే ఎక్కువని ఇప్పుడు డాక్టర్లం అనుకుంటున్నాం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వం. మీలాగా కారణం తేలని బ్లీడింగ్ ఉన్నప్పుడూ ఇవ్వం. కాబట్టి ముందు ఆ ముక్క పరీక్ష. హార్మోన్ వద్దనుకుంటే వేరే మందులున్నాయి. వాటిలో కొన్ని డిప్రెషన్‌కూ వాడతారు, మందుల షాపులో ఆ మాట విని చీటీ చింపేయొద్దు.

మంట గురించి సిగ్గు పడక్కర్లేదు. ఈస్ట్రోజెన్ తగ్గితే లోపలి చర్మం పలచబడి, ఎండిపోతుంది. అప్పటికప్పుడు వాడే జెల్ మందుల షాపులో దొరుకుతుంది. చాలకపోతే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, ఒంట్లోకి చేరేది బాగా తక్కువ. దాన్ని కూడా పరీక్ష అయ్యాకే మొదలుపెట్టండి. తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలు పడుతుంటే అదీ చెప్పండి, అడగకుండా ఎవరూ చెప్పరు. మీవారిని తర్వాతి సారి ఓపీకి వెంట తీసుకెళ్లండి. భార్యకు ఇష్టం తగ్గిందని అలిగే మగవాళ్లు, అది నొప్పి అని డాక్టర్ నోట వింటే మెత్తబడటం చాలాసార్లు చూశాను.

సంతోషంగా ఉండి ఏడుపు ఎందుకని అడిగారు. నిద్ర లేదు, రక్తం లేదు, హార్మోన్లు ఊగుతున్నాయి, ఇన్నేళ్లు పెంచిన పిల్ల ఇంకో ఇంటికి వెళ్తోంది. ఏడుపు రాకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని. నన్ను భయపెట్టే ఏడుపు వేరే ఉంటుంది. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, మల్లె పూసినా కోయబుద్ధి కాకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం. అలా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరంలో నాకు ఆ ఛాయలు కనబడలేదు. చెప్పుల మాట రాసిన ఆవిడకు ఇంకా కోరికలున్నాయి.

స్కూటీ మీద ఒక్క అనుమానం. అది రాకముందు మీరు కూరగాయలకు నడిచి వెళ్లేవారేమో. ఈ వయసులో కండ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. రోజూ అరగంట నడక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం. ముట్లుడిగాక రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రాగిసంకటి, పెరుగు, మునగాకు, నువ్వులు మీ వంటింట్లో ఉన్నవే.

చివరికి పెళ్లి. నెలసరి వాయిదా బిళ్లలు రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. మీకు తేదీయే తెలియదు. తెలియకుండా వేసుకుంటే సరిగ్గా తలంబ్రాల వేళకే మరకలు పడొచ్చు. పైగా కారణం తేలని బ్లీడింగ్‌లో అవి వేసుకోకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. ఈ వారమే వెళ్లి ముక్క పరీక్ష చేయించుకుంటే, పెళ్లినాటికి ఏ దారిలో ఆపాలో మీ డాక్టర్ నిదానంగా ఆలోచించగలరు. ఐరన్ ఇవాళే మొదలైతే మూడు నెలలకు 11 దాటొచ్చు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా మాత్రం తేదీలు చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తారు కదా, దాని పక్కనే బ్లీడింగ్ రోజులకు ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి, ఆ కాగితం ఫొటో తీసి పట్టుకెళ్లండి.

పట్టుచీర మీదకు నూలు జాకెట్ కుట్టించుకోండి, చేతిలో విసనకర్ర ఉంచుకోండి. పెళ్లికూతురి తల్లికి చెమటలు పడుతుంటే పందిట్లో ఎవరూ ఏమీ అనుకోరు.