ఆగిపోయిన బండికి పార్టులు వెతికేటప్పుడు ఫోన్ జాగ్రత్త

తయారీ ఆగిపోయిన డర్ట్ బైకులకు పార్టులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూ వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. సగం ఉత్తరాల్లో పార్టు దొరకలేదన్న బాధ కంటే, వెతుకులాటలో ఫోన్‌కో ఖాతాకో తగిలిన దెబ్బే పెద్దది. అందుకే ముందు దాని సంగతి.

ప్రశ్న: నాది 2012 హీరో ఇంపల్స్ బైక్. ఎడమ సైడ్ ప్యానెల్, ముందు ఫోర్క్ ఆయిల్ సీల్స్ కావాలి. వాట్సాప్‌లో ఒకాయన పార్టుల క్యాటలాగ్ అంటూ ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైల్) పంపాడు. ఇన్‌స్టాల్ చేస్తే ఏవో పర్మిషన్లు అడిగింది, ఇచ్చాను. తర్వాత ఐకాన్ మాయమైంది. ఇప్పుడేం చేయాలి? (అనంతపురం)

ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చేది కూడా ఆ రెండో ఫోన్ నుంచే.

ఆ తర్వాత మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్ మొత్తం జాబితా తెరవండి. ఐకాన్ దాచుకున్న యాప్ అక్కడ ఏదో మామూలు పేరుతో కూర్చుని ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే, దానికి యాక్సెసిబిలిటీలోనో డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనో అనుమతి ఉందన్నమాట. అక్కడ ఆపేసి, నోటిఫికేషన్ యాక్సెస్ కూడా తీసేసి, అప్పుడు తొలగించండి. నా మాట వింటే అంతటితో వదలొద్దు. ఫోటోలు, కాంటాక్టులు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్ మళ్లీ పనిలోకి వచ్చాక ##002# డయల్ చేయండి, మీకు తెలియకుండా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా ఉంటే పోతుంది.

పార్టుల క్యాటలాగ్ అంటే బొమ్మలు, నంబర్లు. అంతకుమించి ఏమీ లేదు. దానికి మీ ఎస్సెమ్మెస్‌లు చదవాల్సిన పనేమిటి? చదివేది ఓటీపీ కోసం. ఆ అనుమతి అడిగిన క్షణమే చెయ్యి ఆగాలి. క్యాటలాగ్ పీడీఎఫ్‌గానో ఫోటోగానో పంపమనండి, పంపకపోతే ఆ మనిషిని వదిలేయండి. అలాగే 'అడ్వాన్స్ తిరిగి పంపుతున్నా, పిన్ కొట్టండి' అనే వాళ్లు ఉంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందనే అర్థం.

ఇక బండి. ఇంపల్స్ ఇంజిన్ 149 సీసీ కుటుంబానిదే, సీబీజడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్‌లలో ఉన్నదే. ఇంజిన్ పార్టులకు 'ఇంపల్స్' అని కాకుండా ఆ బండ్ల పేర్లతో అడిగి, పార్టు నంబరు కలుస్తుందేమో చూడండి. ముందు టైరు కొలత 90/90-19, చాలా బుల్లెట్లకు వాడే కొలతే కాబట్టి దానికి దిగులు లేదు. ఆయిల్ సీల్‌కు కంపెనీ పెట్టె కోసం పట్టుబట్టకండి. సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అరిగి కనపడకపోతే పాత సీల్‌ను కొలవొద్దు, నూనెకు ఉబ్బి తప్పు చెబుతుంది. ఫోర్క్ పైపును, సీల్ కూర్చునే గూడును వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలనూ కొలిచే పనిముట్టు) కొలవండి. బేరింగులూ అంతే. 6302 అని ఉంటే ఏ కంపెనీదైనా 15-42-13 మిల్లీమీటర్లే. ఈ రెండూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగ్ షాపులో అడగాల్సినవి, వాట్సాప్‌లో కాదు.

నిజంగా కష్టమైనది సైడ్ ప్యానెల్. విడదీసిన బండి నుంచి కొంటుంటే ఛాసిస్ నంబరు, ఆర్సీ అడగండి. దొంగ బండి ప్యానెల్ మీ ఇంటికి రాకూడదు. 'ఫోటో పంపా కదా' అంటే చాలదు. వీడియో కాల్‌లో ప్యానెల్ తిప్పి, వెనక ఉన్న కాళ్లూ కొక్కేలూ విరగలేదని చూపించమనండి.

ప్రశ్న: నా దగ్గర 2001 హోండా ఎక్స్‌ఆర్400ఆర్ డర్ట్ బైక్ ఉంది. ఒక పాత డీలర్ పార్టుల సీడీ ఇచ్చాడు, అది విండోస్ ఎక్స్‌పీలోనే నడుస్తుంది. ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ కొని ఇంటి వైఫైకి కలపొచ్చా? (టెక్సస్)

కలపొద్దు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. సీడీని ఐఎస్ఓగా (మొత్తం సీడీని ఒకే ఫైల్‌గా) కాపీ చేసి, యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, మీ ఇప్పటి కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల విడిగా నడిచే మరో కంప్యూటర్ లాంటి సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పీ పెట్టుకోండి. 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ చాలు. నెట్‌వర్క్ అడాప్టర్ పూర్తిగా తీసేయండి, షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్ కూడా వద్దు. కావాల్సిన పేజీని బయటి నుంచి స్క్రీన్‌షాట్ తీసుకుంటే సరి.

సీడీలోంచి మీకు కావాల్సింది పార్టు నంబరే. హోండా నంబరులో మొదటి ఐదంకెలు అది ఏ పార్టో చెబుతాయి: 13101 స్టాండర్డ్ పిస్టన్, 13102 పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు, 13103 అర మిల్లీమీటరు. మధ్యలోని మూడు అక్షరాలు ఆ పార్టు మొదట ఏ బండికి తయారైందో చెబుతాయి. మీ బండిది కేసీవై. మీ పేజీలో కేసీవై కాకుండా వేరే కోడ్ కనిపిస్తే సంతోషించండి, ఆ పార్టు ఇంకో బండిలోనూ ఉంది, వెతకడానికి ఇంకో దారి దొరికింది. నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఒకసారి మధ్య గీతలతో (-), ఒకసారి గీతలు లేకుండా వెతకండి. 'పాత నంబరు బదులు కొత్త నంబరు' అని డీలర్ చెబితే రెండూ రాసిపెట్టుకోండి.

డీలర్లందరూ 'ఇక రాదు' అన్న పార్టు, పేరు వినని సైటులో సగం ధరకు 'స్టాక్ ఉంది' అంటే అది దుకాణం కాదు, వల. డొమైన్ (సైటు పేరు) ఎప్పుడు రిజిస్టరైందో హూయిజ్‌లో (ఆ వివరాలు చూపే సేవ) చూడండి. ఆ బొమ్మతోనే ఇమేజ్ సెర్చ్ చేయండి, పాత వేలం పేజీలో అదే బొమ్మ దొరకడం మామూలే. డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. పేపాల్ లాంటి వాటిలో స్నేహితులకు పంపే పద్ధతిలో పంపితే తిరిగి రాదు.

ఇక్కడ తయారీదారుల మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. బండి ఆపేయడం వ్యాపారం, అర్థమవుతుంది. పార్టుల బొమ్మలున్న పేజీలను కూడా ఎందుకు తీసేస్తారు? ఉన్నవాటిని లాగిన్ వెనక, యాప్ వెనక ఎందుకు దాస్తారు? ఒక వెబ్‌సైట్ అప్‌డేట్‌తో ఇరవై ఏళ్ల నంబర్లు మాయమవుతున్నాయి. ఆ ఖాళీలోకే ఏపీకేలు పంపేవాళ్లు, దొంగ దుకాణాల వాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. ఒక పీడీఎఫ్‌ను అందరికీ తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చెంత? మీ బండి పేజీలు ఇంకా కనిపిస్తుంటే ఈరోజే ప్రతి బొమ్మనూ పీడీఎఫ్‌గా భద్రపరచండి.

ప్రశ్న: సైడ్ ప్యానెల్‌ను త్రీడీ ప్రింట్ చేయిస్తే? (కర్నూలు)

చేయించొచ్చు. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మీ ఊరి ఎండలో నిలబెట్టిన బండికి అది పనికిరాదు. ఎండను తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ అడగండి. రబ్బరు గ్రామెట్‌లోకి (రింగులోకి) దిగే కాళ్లను పొరలు అడ్డంగా విరగని దిశలో, లోపల నిండుగా ప్రింట్ చేయమనండి. సైలెన్సర్‌కు ఆనుకునే చోట, పెట్రోల్ తగిలే చోట వాడొద్దు. బ్రేక్ లివర్, ఫుట్‌రెస్ట్ లాంటివి మాత్రం ఎవరు చేసిస్తామన్నా ప్లాస్టిక్‌లో వద్దు.