మారిషస్‌లో ఫిబ్రవరి 1న సెలవు దేనికి?

మారిషస్‌లో ఆ రోజు ఆఫీసులన్నీ మూసేస్తారు, అది ఏం పండుగ అని అడిగారు. పండుగ అనలేం. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది.

నేను రాజధాని పోర్ట్ లూయిస్‌లో పనిచేసేటప్పుడు ఓ క్రియోల్ (ఆఫ్రికా బానిసల వంశస్థుడు) కొలీగ్ ఆ రోజు నన్ను లె మోర్న్‌కి తీసుకెళ్లాడు. సముద్రం ఒడ్డున నిట్టనిలువుగా 556 మీటర్ల కొండ. చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు దానిమీద తలదాచుకునేవాళ్లు. స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి పోలీసులు వస్తుంటే, పట్టుకోవడానికే అనుకుని కొందరు పైనుంచి దూకేశారని చెప్పుకుంటారు. నోటి మాటగా వచ్చిన కథే అయినా అక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కింద స్మారకం దగ్గర పూలు పెట్టారు, నాయకులు మాట్లాడారు (ఆ ప్రసంగాలు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటాయి). తర్వాత సెగా పాటలు, అంటే బానిసల నుంచి వచ్చిన అక్కడి జానపదాలు. వాయించే ముందు రవాన్ అనే మేకతోలు వాయిద్యాన్ని మంట దగ్గర అటూ ఇటూ తిప్పి కాచారు, అచ్చం మన డప్పులాగే.

నిజానికి ఆ రోజుతో చెర పూర్తిగా వదల్లేదు. అప్రెంటిస్‌లన్న పేరుతో 1839 దాకా పాత యజమానుల దగ్గరే చాకిరీ చేయాల్సి వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం కూడా ఇచ్చింది, 20 లక్షల పౌండ్లకు పైగా. అదంతా యజమానులకే! బానిసలకు పైసా లేదు.

మన కథ ఇక్కడే మొదలవుతుంది. రద్దు తప్పదని తెలిసి తోటల యజమానులు ముందే కూలీల కోసం ఇండియా వైపు చూశారు. 1834 నవంబర్ 2న 'అట్లాస్' ఓడలో మొదటి జట్టు దిగింది. ఆ తేదీకీ అక్కడ సెలవే. తర్వాత లక్షల మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు, మన కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి కూడా. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు కావడానికి కారణం వాళ్లే.

మనవాళ్లు పోర్ట్ లూయిస్‌లో ఒప్పంద కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ చూసి ఫొటోలు దిగుతారు, లె మోర్న్‌కి మాత్రం బీచ్ కోసమే వెళ్తారు. నాకది నచ్చదు. ఒకళ్లు వదిలించుకున్న చెరకు తోటల్లోకే మన ముత్తాతలను దింపారు. ఈ రెండు సెలవుల్నీ విడదీసి చూస్తే ఏదీ సరిగా అర్థం కాదు.

ఫిబ్రవరి 1కే వెళ్లాలనుకుంటే వాతావరణం చూసుకోండి. అది తుఫాన్ల సీజన్.