పైకప్పులోంచి విన్న ఆల్బమ్

ప్రశ్న: 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' అనే అమెరికన్ ర్యాప్ బృందం వాళ్ళ 'ది లో ఎండ్ థియరీ' ఆల్బమ్‌ని అందరూ ఆహా ఓహో అంటారు. నేను రెండుసార్లు విన్నాను, ఒకటే పాట సాగదీసినట్టుంది. విన్నవాళ్ళు నిజంగా ఏమనుకుంటున్నారు? రికార్డు కొనొచ్చా?

ముందు ఇది చెప్పండి, మీరు దేంట్లో విన్నారు? ఫోన్ స్పీకర్లో అయితే మీరు వినలేదు. రెండుసార్లు కాదు, ఇరవైసార్లు విన్నా లెక్కలోకి రాదు. పేరులోనే ఉంది కదండీ, లో ఎండ్ అని. అడుగున ఉండే బేస్, అంటే ఆ లావుపాటి డుమ్‌డుమ్ శబ్దం గురించి తీసిన ఆల్బమ్ అది. అరచేతిలో పట్టే స్పీకరు ఆ బేస్‌ని పలికించలేదు. పైన తాలింపు మటుకు తిని పప్పు బాగాలేదంటే ఎలా?

నా విషయంలో సరిగ్గా దీనికి తిరగబడి జరిగింది. నేను ముందు బేస్ ఒక్కటే విన్నాను. మాటల్లేవు, గొంతుల్లేవు. అలా దాదాపు ఆరు నెలలు.

2004లో న్యూయార్క్ క్వీన్స్‌లో, సెయింట్ ఆల్బన్స్ అనే పేటలో, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురం తెలుగు కుర్రాళ్ళం అద్దెకుండేవాళ్ళం. నేను కాలేజీ లైబ్రరీలో పని ముగించుకుని, బస్సు పట్టుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి పన్నెండు దాటేది. సరిగ్గా అప్పుడే పైన మొదలయ్యేది. పై వాటాలో రిటైరైన సిటీ బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. గోడల్లోంచి, కప్పులోంచి పల్చటి శబ్దాలేవీ రావు, లావుపాటివే దిగుతాయి. అందుకని పైన ఏం పెట్టినా మాకు చేరేది ఆ డుమ్‌డుమ్ ఒక్కటే. మా ఫ్రిజ్ మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటుండేది, ఊరినుంచి అమ్మ పంపిన సామాన్లో వచ్చింది. పక్కనే కుక్కరు మూత. పైన బేస్ మొదలవగానే ఆ గ్లాసు మూతకి తగిలి జుంయ్‌మని వణికేది. మా రూమ్మేటు ఒకడు లేచి గ్లాసు పక్కకి జరిపి పడుకునేవాడు. పొద్దున్నే ఎవరో మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఆరు నెలలు ఇదే తంతు.

పరీక్షల ముందు ఇక తట్టుకోలేక ఒక ఆదివారం పైకి వెళ్ళాను. గొడవపడదామనే. తలుపు తీసిన మనిషి నాకంటే రెండింతలున్నాడు. సగం ధైర్యం అక్కడే పోయింది. "సార్, రాత్రిపూట మీరు పెట్టే పాట వల్ల..." అన్నాను. "ఏ పాట?" అన్నాడు. పేరు తెలిస్తే కదా చెప్పడానికి! కప్పులోంచి విన్నదే నోటితో వాయించి చూపించాను, గుమ్మంలో నిలబడి, చేతిలో గొడుగుతో. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి పగలబడి నవ్వాడు. లోపలికి లాక్కెళ్ళి, అల్మారాలో వెతుక్కోవలసిన పని కూడా లేకుండా, నల్లటి అట్ట మీద ఎర్రగా పచ్చగా గీతలు పూసిన మనిషి బొమ్మ ఉన్న రికార్డు తీసి పెట్టాడు. మొదటి పాటే. 'ఎక్స్‌కర్షన్స్'. ముందు ఒంటరిగా బేస్ వస్తుంది, ఆ తర్వాత బృందంలో ర్యాప్ చెప్పే క్యూ-టిప్ గొంతు, దాని వెనక డ్రమ్స్. ఆరు నెలలుగా నా నిద్ర చెడగొట్టినవాడికి మొహం కనిపించినట్టయింది.

అక్కడితో వదల్లేదాయన. ఆ బేస్ వీళ్ళు వాయించింది కాదని, ఆర్ట్ బ్లేకీ అనే జాజ్ డ్రమ్మరు బృందం 1970లలో చేసిన పాటలోంచి తీసుకున్నారని చెప్పి, అదీ పెట్టాడు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు మృదంగం నేర్చుకుని మానేసినవాణ్ణి. తొడ మీద వేళ్ళతో లెక్క వేస్తూ కూర్చున్నాను. అసలు పాటలో నడక తిశ్రం, మూడు మూడుగా ఊగుతుంది. వీళ్ళు దాన్ని కోసి, అతికి, చతురశ్రంలో, నాలుగు లెక్కలో కూర్చోబెట్టారు. లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టడం రెండుసార్లు జరిగింది. ఇంకొకరి పాట ముక్క దొంగిలించి పైన మాటలు చెప్పడమే ర్యాప్ అని అప్పటిదాకా నేనూ అందరిలాగే అనేవాణ్ణి. మీలో ఎవరైనా ఇప్పటికీ అంటుంటే ఒకసారి ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టుకుని తాళం వేయండి.

అన్నీ అరువు తెచ్చినవీ కావు. జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర 1963 నుంచి 1968 దాకా వాయించిన రాన్ కార్టర్ ఇందులో ఒక పాటకి స్వయంగా బేస్ వాయించాడు. బూతులుండకూడదని షరతు పెట్టి మరీ వచ్చాడంటారు. మనవాళ్ళలో ఒక పెద్ద విద్వాంసుణ్ణి అప్పటి క్యూ-టిప్‌లాంటి ఇరవై ఒకటేళ్ళ కుర్రాడు పిలిస్తే వస్తాడా? సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఒకటే పాట సాగినట్టుంది అన్నారు. మా ఆవిడ మాటా అదే, మా అబ్బాయి ఇంకా ఒక మెట్టు పైకెళ్ళి "నాన్నా, డ్రాప్ ఎప్పుడొస్తుంది?" అంటాడు, పాట ఒక్కసారిగా పేలినట్టు మోత పెరిగే చోటన్నమాట. రాదు బాబూ. పద్నాలుగు పాటలు, నలభై ఎనిమిది నిమిషాలు, ఎక్కడా వాయిద్యాల మోత లేదు. ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు. మా పెదనాన్న బుర్రకథ దళంలో హాస్యం చెప్పే వంత. మధ్యలో కథకుడు వీరావేశంతో కథ నడుపుతుంటే, పక్కనుంచి గుమ్మెట కొడుతూ ఆయన ఒక్క విసురు విసిరితే జనం ఘొల్లుమనేవారు. క్యూ-టిప్, బృందంలో ర్యాప్ చెప్పే రెండోవాడు ఫైఫ్ అచ్చం అంతే. టిప్ తత్వంలోకి జారిపోతుంటే ఫైఫ్ వచ్చి చొక్కా పట్టి కిందికి లాగుతాడు. 'చెక్ ద రైమ్'లో ఒకరు పిలవడం, ఇంకొకరు పలకడం వింటే మీకే తెలుస్తుంది. పెదనాన్నకి వినిపించే అవకాశం రాలేదు. వింటే తప్పకుండా మెచ్చుకునేవాడు, ఇందులో నాకేమీ అనుమానం లేదు.

ఇక 'కాన్షస్ హిప్ హాప్', అంటే సమాజం గురించి ఆలోచింపజేసే ర్యాప్ అనే ముద్ర. ఆ పేరు చూసి సుమతీ శతకం అనుకుని వినేవాళ్ళున్నారు, విని నిరాశపడతారు. ఇందులో నీతులు తక్కువ, ఒళ్ళు మండి చెప్పిన మాటలు ఎక్కువ. డబ్బులెగ్గొట్టే ప్రమోటర్ల మీద ఒక పాట, రికార్డు కంపెనీల మీద ఒకటి, పేజర్ మీద కూడా ఒకటి! ఆడపిల్ల సమ్మతి గురించి 1991లోనే పాట కట్టారు. ఆ పాటలోనే కొన్ని మాటలు ఇవాళ వింటే ఇబ్బందిగా ఉంటాయి, అదీ నిజమే. అన్నీ వెనకేసుకురావలసిన పనేం లేదు. అభిమానుల్లో కొందరు 1993లో వచ్చిన వీళ్ళ తర్వాతి ఆల్బమ్ 'మిడ్‌నైట్ మరాడర్స్' దీనికన్నా గొప్పదంటారు. వాళ్ళతో వాదించి లాభం లేదు, వాళ్ళు కార్లో విన్నవాళ్ళు.

2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ని భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చింది. నాకు అంతకన్నా గుర్తుండేది 2016 మార్చి. ఫైఫ్ పోయాడు, నలభై అయిదేళ్ళకే, షుగర్ వల్ల. ఆఫీసులో వార్త చదివి కుర్చీలోంచి లేవలేదు. నాకూ షుగరే. అప్పటికి బయటపడి ఏడాది. ఆ సంవత్సరమే లిండెన్ బులెవార్డ్ దగ్గర ఒక వీధికి అతని పేరు పెట్టారు. మా పాత బేస్‌మెంట్‌కి అది నడిచి వెళ్ళేంత దూరం. "వీళ్ళు మా వీధి పిల్లలే" అని మా పైవాటా పెద్దాయన ఎప్పుడూ అనేవాడు. ఆ పేటలో అందరూ అలాగే అంటారు.

రికార్డు కొనాలా అన్నారు. కొనండి, కానీ కింది ఫ్లాటువాళ్ళని ఒకసారి చూసుకుని కొనండి. నేనిప్పుడు హైదరాబాదులో మూడో అంతస్తులో ఉంటున్నాను. పోయిన నెల రెండో అంతస్తాయన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "రాత్రి పదకొండుకి ఆ పాట ఎవరిది?" అని పెట్టాడు. ఏ పాటో కాస్త నోటితో వాయించి వాయిస్ మెసేజ్ పెట్టమని టైపు చేశాను కానీ, మా ఆవిడ ఫోన్ లాక్కుని సారీ చెప్పేసింది.